గొంతు ఆగిన తర్వాతి ఎరుపు

మూడో స్క్రూ కదలలేదు.

అతను మోకాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ పిడిని రెండు చేతులతో అదిమి తిప్పుతున్నాడు. పై మడతబందు అప్పటికే ఊడిపోయింది. తలుపు ఒక పక్కకి ఒరిగి, బరువంతా గడప మీద మోపి, కదిపినప్పుడల్లా మూలుగుతోంది. మేకుకి తగిలించిన చిన్న చెక్క పలక కూడా దానితోపాటు ఊగుతోంది. పలకకి ఒక వైపు ఎరుపు, మరో వైపు ఆకుపచ్చ. నాలుగు రోజులుగా ఎరుపే బయటికి ఉంది. తిప్పాలని ఎవరికీ తోచలేదు.

గది లోపల, పని బల్లకి ఆనుకుని, అతని భార్య నిలబడి ఉంది.

"తలుపు మీద కోపమేంట్రా?" వంటింటి గుమ్మంలోంచి అడిగింది తల్లి. ఆవిడ కళ్లకి నల్లద్దాలున్నాయి. కంటికి ఆపరేషన్ అయి ఇవాళ్టికి నాలుగు రోజులు.

"ఇది ఉండబట్టే కదమ్మా ఇంత జరిగింది."

"తీసేస్తే మీ నాన్నకి మాట వస్తుందా?"

స్క్రూ కిర్రుమని కదిలింది.

"చెప్పు," అన్నాడు భార్యతో, తల ఎత్తకుండానే. "పదింటికి మొదలైన మీటింగు పన్నెండు దాటేదాకా ఏం మాట్లాడుకున్నారు?"

"పని గురించే."

"రెండు గంటలు! మధ్యలో ఒక్కసారి మంచినీళ్లకి కూడా లేవలేదా నువ్వు?"

ఆమె బల్ల మీది హెడ్‌ఫోన్‌ని పక్కకి జరిపింది.

"ఊళ్లో లిఫ్టుల్లో ఇరుక్కున్న వాళ్లందర్నీ బయటికి లాగుతాను నేను. వాళ్లెవరో తెలియదు. లోపల్నుంచి తలుపు మీద ఒక్క దెబ్బ వినిపిస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచి పరిగెడతాను. మా నాన్న మాత్రం నా ఇంట్లోనే, నేను బిగించిన తలుపుకి ఇవతల ఇరుక్కుపోయాడు."

స్క్రూ ఊడి గచ్చు మీద దొర్లింది. ముగ్గురూ దాన్నే చూశారు. అది గోడ వారకి చేరి ఆగాక కూడా కాసేపు చూస్తూనే ఉన్నారు.

'మీటింగ్‌లో ఉన్నాను.' నాలుగు రోజులుగా ఆమె ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. అంబులెన్సులో పక్కన కూర్చున్న నర్సుకి అదే చెప్పింది. ఆస్పత్రిలో డాక్టరుకీ అదే చెప్పింది. గంట ముందు తీసుకొచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదని డాక్టరు అన్నప్పుడు, కాగితం మీద సంతకం చేస్తున్న ఆమె చెయ్యి ఆగలేదు. ఒక్కసారి చెప్పి మరిచిపోతే అది అబద్ధంగానే మిగిలేది. కానీ అడిగిన ప్రతివారికీ చెప్పాక, అందులోనే నిద్ర లేవాలి, అందులోనే అన్నం తినాలి. ఆమె ఇప్పుడు అందులో కాపురముంటోంది.

"ఇవాళే రాజీనామా రాయి," అన్నాడు అతను, లేచి నిలబడి. "నువ్వు రాయకపోతే రెండింటికి మీ టీం లీడర్‌కి నేనే ఫోన్ చేస్తాను. పక్కన పెద్దాయన పడిపోతుంటే మనిషిని కదలనివ్వని మీటింగు ఏం మీటింగో ఆవిడనే అడుగుతాను."

"వద్దు," అంది ఆమె. ఆ మాట గట్టిగా వచ్చింది.

అతను మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఎందుకు వద్దు?"

"ఆవిడ తప్పేం లేదు."

"మరి ఎవరి తప్పు? మా నాన్నదా?"

"ఒరే, ఉద్యోగం జోలికి పోకు," అంది తల్లి. "అది రెండు బస్సులు మారి వెళ్లి వచ్చిన రోజుల్లో దాని ముఖం చూశావా నువ్వు? చెప్పులు విప్పకుండానే మంచం మీద వాలిపోయేది. ఇంట్లో పని వచ్చాకే కదా నలుగురం ఒక్కచోట కూర్చుని తింటున్నాం. నా మోకాలికి కాపడం పెట్టే చెయ్యి దొరికింది. మీ నాన్నకి మాట్లాడే మనిషి దొరికింది. నువ్వు ఆయనతో ఏడాదికి మాట్లాడే మాటలు అది వారంలో మాట్లాడేది."

"ఆ మాటలన్నీ ఏమయ్యాయమ్మా ఇప్పుడు?"

తల్లి నల్లద్దాలు సర్దుకుంది.

అతను తలుపుని రెండు చేతులతో ఎత్తి, నడవలోకి మోసుకెళ్లి, గోడకి ఆనించాడు. గుమ్మం ఒక్కసారిగా పెద్దదైనట్టు కనిపించింది. తలుపు మీద పలక ఇంకా ఎర్రగానే ఉంది. అతను చేతులు కడుక్కోవడానికి పెరటి వైపు వెళ్లాడు.

*

చెవులు వినబడని పిల్లల కోసం పాఠాల వీడియోలకి అడుగున అక్షరాలు కూర్చడం ఆమె పని. టీచరు చెప్పిన ప్రతి మాటా రాయాలి. మాట కానివి కూడా రాయాలి: సుద్దముక్క విరిగింది, బయట వాన మొదలైంది, టీచరు నవ్వుని ఆపుకున్నారు. మనుషుల గొంతులో ఊపిరి ఎక్కడ తీసుకుంటారో ఆమెకి తెలుసు. ఆరుగురు ఆరు చోట్ల, ఆరు ఇళ్లలో కూర్చుని చేసే పని అది. రోజూ పదింటికి అందరూ తెర మీద కలుస్తారు.

ఇంటి నుంచి పని అన్నప్పుడు ఆమెకి మొదట దొరికింది కాలం. ప్రయాణానికి పోయే మూడు గంటలు రోజూ తిరిగి చేతికొచ్చాయి. తర్వాత పోయిందీ కాలమే. పూర్వం ఆఫీసు ఒకచోట ముగిసేది, ఇల్లు మరోచోట మొదలయ్యేది. ఇప్పుడు రెండూ ఎక్కడా ముగియవు. ఆ రెండింటి నడుమ, బస్సు కిటికీ పక్కన, ఎవరికీ ఏమీ కాకుండా కూర్చున్న గంటన్నర మాత్రమే తన సొంతమని, అది పోయాక గానీ ఆమెకి తెలియలేదు.

"ఇంట్లోనే ఉంటావుగా" అనే మాట ఒకటి పుట్టుకొచ్చింది. గ్యాస్ బండ వస్తుంది, ఇంట్లోనే ఉంటావుగా. పక్కింటివాళ్ల పార్సెల్ తీసుకో, ఇంట్లోనే ఉంటావుగా. ఈ సీసా మూత రావడం లేదు, ఇంట్లోనే ఉంటావుగా, ఒక్క పట్టు పట్టు.

మామగారు నెల రోజులు చూశారు. ఆయన ముప్పై నాలుగేళ్లు రైల్వేలో సిగ్నల్ కేబిన్‌లో పనిచేసిన మనిషి. ఒక ఉదయం చెక్క కోసి, రెండు వైపులా రంగు వేసి, తలుపుకి మేకు కొట్టారు.

"అమ్మాయ్, మీటింగుంటే ఎరుపు పెట్టు. ఎరుపుంటే ఈ ఇంట్లో దేవుడొచ్చినా ఆగాల్సిందే. ఎందుకని అడగకూడదు."

"దేవుడికి మీటింగులుండవు కాబట్టి సరిపోయింది," అంది అత్తగారు అప్పుడు.

తలుపుకి ఎదురుగా నడవలో కుర్చీ వేసుకుని, దానికి కేబిన్ అని పేరు పెట్టారు ఆయన. పలక ఆకుపచ్చకి మారగానే లేచి, తానే కాచిన టీ రెండు గ్లాసుల్లో తెచ్చేవారు. ఆ గ్లాసుల చప్పుడు ఆమె ఉద్యోగంలోకెల్లా మంచి శబ్దం.

పక్షవాతం వచ్చి ఇప్పుడు ఆయనకి మాట లేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మొదటి రోజు సాయంత్రం ఆమె వార్డు గుమ్మంలో నిలబడగానే, మంచం మీద నుంచి ఆయన ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. సగంలో, అలాగే నిలిచిపోయింది. కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"వద్దంటున్నారు," అన్నాడు భర్త. "నిన్ను లోపలికి రావద్దంటున్నారు."

ఆమె గుమ్మం దాటలేదు. మళ్లీ ఆస్పత్రికి వెళ్లలేదు.

*

అత్తగారు గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. కొంగు చాటు నుంచి ఒక పొడుగాటి నోటు పుస్తకం తీసింది.

"నడవలో కుర్చీ కింద కాలికి తగిలింది. ఆయన పుస్తకం. బళ్ల రాకపోకలు రాసినట్టు నీ పలక రాకపోకలు రాసుకునేవారు. చాదస్తం." ఆవిడ దాన్ని కోడలి ముందు పెట్టింది. "నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి. నువ్వు చదువు. ఆ రోజుది."

ఆమె పుస్తకం ముట్టుకోలేదు. ఆయన ఏదో రాసుకుంటారని తెలుసు. ఏం రాసుకుంటారో ఎన్నడూ చూడలేదు.

"అత్తయ్యా, తర్వాత..."

"వాణ్ని చదవమంటే అరుస్తూ చదువుతాడు. నాకు ఆయన గొంతులా వినిపించాలి. నీకైతే అది తెలుసు. చదువు."

ఆమె పుస్తకం తెరిచింది. చెయ్యి కావాలనే పాత పేజీల్లోకి పోయింది. నిటారుగా, గీతలు దాటని అక్షరాలు.

"'పది గంటలు. ఎరుపు. అమ్మాయి గొంతు వినబడుతోంది. పది నలభై. మా ఆవిడ ఎరుపు దాటింది. కారణం: ఉప్పు డబ్బా మూత. హెచ్చరించడమైనది.'"

అత్తగారు నవ్వింది. నవ్వు సగంలో తెగిపోయి, నల్లద్దాల కింద నుంచి నీళ్లు జారాయి. కంటికి తడి తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆవిడ తుడుచుకోలేదు.

"హెచ్చరించారు. నిజంగానే. వేలు చూపించి మరీ. ఊఁ, చదువు."

"'పదకొండు ఐదు. గొంతు ఆగింది. పలక మారలేదు.'"

ఆమె ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఏం లేదు." ఆమె తర్వాతి వాక్యం కళ్లతో చదివింది. తర్వాత ఇంకో రోజుది. ఇంకో వారానిది. ప్రతి పేజీలోనూ ఉంది. పదకొండు రెండు, గొంతు ఆగింది, పలక మారలేదు. పదకొండు పది, గొంతు ఆగింది, పలక మారలేదు. పన్నెండు ఐదు, ఆకుపచ్చ, టీ, ఈరోజు అమ్మాయి ముఖం తేటగా ఉంది.

ఎవరికీ తెలియదనుకుంది. ఏడాదిగా తలుపు వెనక దాచుకున్న ఆ గంటకి తలుపు ఇవతల ఒక మనిషి కాపలా కూర్చున్నాడని ఆమె ఊహించలేదు.

ఇక్కడ ఆగిపోవచ్చు. పేజీ తిప్పి, పన్నెండింటిదాకా గొంతు వినిపిస్తూనే ఉందని చదవొచ్చు. ఎదురుగా ఉన్న కళ్లు ఇవాళ అక్షరాలు చూడలేవు. ఆమె ఉద్యోగమంతా ఇదే: వినలేనివారు తన అక్షరాలని నమ్ముతారు. ఒక్క మాట కూడా మార్చకూడదు. మార్చిందని పట్టుకునేవారు ఎవరూ ఉండరు కాబట్టే మార్చకూడదు.

"పేజీ పక్కన ఇంకో మాట రాశారు," అంది. గొంతు తనది కానట్టు వినిపించింది. "'గొంతు ఆగిన తర్వాతి ఎరుపు మీటింగుది కాదు. అమ్మాయిది. దాన్నీ పాటించవలెను.'"

అత్తగారి ముఖం ఆమె వైపు తిరిగింది.

"అంటే?"

"అంటే మీటింగు అయిపోయాక కూడా నేను పలక తిప్పేదాన్ని కాదు, అత్తయ్యా."

పెరట్లో కుళాయి ఆగిన చప్పుడు వినిపించింది.

"ఆ రోజుది చదువు," అంది అత్తగారు.

ఆమె చివరి పేజీ తీసింది.

"'పది. ఎరుపు. అమ్మాయి గొంతు వినబడుతోంది. ఇంట్లో మేమిద్దరమే. మా ఆవిడ కంటి ఆపరేషను, అబ్బాయి తీసుకెళ్లాడు. పదకొండు మూడు. గొంతు ఆగింది. పలక మారలేదు. పదకొండు ఇరవై. కుడి చెయ్యి తిమ్మిరి. అదే తగ్గుతుంది. అమ్మాయిని లేపనక్కర్లేదు.'"

ఇక్కడి నుంచి అక్షరాలు గీత కిందికి జారడం మొదలైంది. వాటిని ఆమె తడుముకోకుండా చదివింది. అలవాటైన పని.

"'పదకొండు ముప్పై ఐదు. పెన్ను ఎడమ చేతిలోకి మార్చాను. నోరు తిరగడం లేదు. ఎరుపు.' ఆ తర్వాత... 'ఎరుపు' అనే ఇంకోసారి రాశారు. టైము వెయ్యలేదు. ఆ తర్వాత గీత ఒక్కటే ఉంది."

అత్తగారు చెయ్యి చాచి, ఆ కాగితాన్ని వేళ్లతో తడిమింది. గీత ఎంత దూరం పోయిందో వేలితో కొలిచింది. అది పేజీ అంచుదాకా పోయింది.

"ఆ గంటలో నువ్వేం చేస్తున్నావు?"

"ఏమీ చెయ్యలేదు."

"నిద్రపోయావా?"

"లేదు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. హెడ్‌ఫోన్ చెవులకే ఉంది. అందులో ఏమీ వినిపించదు. ఏమీ వినిపించకపోవడం బాగుంటుంది."

"అడిగితే కాదనేవాళ్లమా? నాకో గంట కావాలంటే మేమేమైనా..."

"అడిగి తీసుకుంటే అది నాది కాదనిపించింది, అత్తయ్యా."

అత్తగారు పుస్తకం మీద నుంచి చెయ్యి తీసింది. తర్వాత ఆవిడ అన్న మాట కోడలితో అన్నది కాదు.

"నేనుంటే దాటేదాన్ని. ఆ రోజు నేను ఇంట్లో ఉంటే ఎరుపు దాటేదాన్ని. ఏ ఉప్పు డబ్బా కోసమో దాటేదాన్ని."

"అయితే మీటింగు లేదన్నమాట."

ఇద్దరూ తల తిప్పారు. గుమ్మంలో అతను నిలబడి ఉన్నాడు. చేతులు తడిగా ఉన్నాయి, భుజం మీద తువ్వాలు ఉంది. తెరవడానికి తలుపు లేదు కాబట్టి అతను వచ్చిన చప్పుడు ఎవరికీ వినిపించలేదు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు.

"పదకొండింటికే అయిపోయింది," అంది ఆమె.

"నాలుగు రోజులు నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

అతను అరుస్తాడని ఇద్దరూ ఎదురుచూశారు. అతను అరవలేదు. మెల్లగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"నేను ఎవరెవర్నో తిట్టుకున్నాను. ఆ టీం లీడర్ని, కంపెనీని, ఈ తలుపుని. నిన్నొక్కదాన్నే పక్కన పెట్టుకుంటూ వచ్చాను." భుజం మీది తువ్వాలుకి చేతులు తుడుచుకున్నాడు. "ఇప్పుడర్థమైంది నాన్న చెయ్యి ఎందుకెత్తారో. తెలిసే ఎత్తారు. రావద్దని."

"ఏ చెయ్యి?" అంది తల్లి.

"నువ్వప్పుడు కంటికి కట్టుతో ఉన్నావు, చూడలేదు. ఇది గుమ్మంలోకి రాగానే నాన్న ఎడమ చెయ్యి పైకెత్తారు. ఇలా." చూపించాడు. చెయ్యి సగం దాకా లేపి, వేళ్లు చాచి, గాలిలో నిలబెట్టాడు. తువ్వాలు కింద పడింది.

తల్లి లేచి అతని దగ్గరికి వెళ్లింది. ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, మోచెయ్యి నుంచి వేళ్ల దాకా తడిమింది.

"ఒక్క చెయ్యేనా?"

"ఒక్కటే. రెండోది పడిపోయింది కదమ్మా."

"కదపకుండా పట్టుకున్నారా?"

"అవును. ఎందుకు?"

ఆవిడ ఆ చేతిని వదిలింది. చెప్పినప్పుడు గొంతు చాలా తగ్గిపోయింది.

"మీ నాన్న కేబిన్ కిందే మా క్వార్టర్. దీపాలు పోయిన రోజుల్లో, జెండా చేతికందనప్పుడు, మెట్ల మీద నిలబడి చేతులతో చూపించేవారు. రెండు చేతులూ ఎత్తితే ఆగమని. ఒక్క చెయ్యి చాపి కదపకుండా పట్టుకుంటే దారి ఉంది, రమ్మని."

ముగ్గురూ ఆ చేతినే చూశారు. అతను దాన్ని దించడం మరిచిపోయాడు.

"అయితే ఏదమ్మా? రమ్మనా, ఆగమనా?"

"నన్నడుగుతావేంరా?" అంది తల్లి. "రెండూ ఎత్తాలనుకున్నారో, ఒక్కటే ఎత్తాలనుకున్నారో నాకెట్లా తెలుస్తుంది? ఆయనకిప్పుడు ఉన్నది ఒక్క చెయ్యే."

గోడ గడియారం నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆస్పత్రిలో చూడనిచ్చే సమయం ఇంకో అరగంటలో మొదలవుతుంది.

"ఆ రోజు ఆయన ఎదురుగా నిలబడ్డది ఇది," అంది ఆవిడ, కోడలి వైపు తిరగకుండానే. "ఇదే పోయి ఆ కళ్లలోకి చూసి తెలుసుకోవాలి. నేను క్షమించానని అనుకోవద్దు. నాకింకా ఏమీ తెలియడం లేదు."

ఆమె పుస్తకం మూసి గుండెకి అదుముకుంది. గుమ్మం దాకా నడిచింది. అక్కడ తలుపు లేదు. అతను ఉన్నాడు.

అతని భుజం మీదుగా నడవ కనిపిస్తోంది. ఖాళీ కుర్చీ, గోడకి ఆనించిన తలుపు, దాని మీద పలక. ఇన్నాళ్లూ ఆమె ఆ పలకని లోపల ఉండి తిప్పింది. అది ఎర్రగా ఉన్నప్పుడు బయట కూర్చున్న మనిషికి ఎలా కనిపిస్తుందో ఇప్పుడే చూస్తోంది.

"జరగండి," అంది.

అతను చెయ్యి దించాడు. జరగలేదు.